ఎనిమిదో లెవెల్‌కు గాలి

ఒకటి

గాలి గది తాళంచెవి ఎవరి దగ్గర ఉంటే, యంత్రానికి ఆ రోజు ఏం చేశారో వాళ్ళు రాసిపెట్టాలి. ఇది మా బొగ్గు బాయి రూలు. యంత్రం చూసుకునే మనిషి పోతే, ఇంకొకరిని కుదుర్చుకునేదాకా తాళంచెవి ఆ మనిషి ఇంటివాళ్ళ దగ్గరే ఉండాలి. ఇదీ రూలే. అందుకని రాస్తున్నాను. నా పేరు ఓదెమ్మ. అయిదో తరగతితో ఆపేశాను. తప్పులుంటే ఉంటాయి. ఇన్నాళ్ళూ ఈ రాతలు నా బిడ్డ సమత రాసేది. ఒక్క తప్పు లేకుండా రాసేది. రాసింది ఎవరు చదివారు?

ఇవాళ చేసిన పని: సర్వరు ముందరి జాలీ విప్పి బొగ్గు దుమ్ము దులిపాను. ఫోటో తీసేశాను.

కమిటీ వాళ్ళు సమత ఫోటోకు కాగితపు పూల దండ వేసి, సరిగ్గా యంత్రం గాలి పీల్చుకునే చోట తగిలించి, ముందర ఊదుబత్తులు గుచ్చారు. బూడిదంతా జాలీలో పడింది. బతికున్నప్పుడు అది ఆ గదిలోకి చెప్పులతో ఎవరినీ రానిచ్చేది కాదు, కమిటీ ప్రెసిడెంటునైనా సరే. ఇప్పుడు దాని ఫోటోతోనే దాని యంత్రానికి ఊపిరి సలపకుండా చేశారు. ఫోటో నాతో తీసుకుపోయాను. దండ చెత్తబుట్టలో వేశాను. కమిటీ వాళ్ళు ఇది చదవాలనే రాస్తున్నాను.

ఏం జరిగిందో కూడా రాయాలి. వాళ్ళు గోడకు అతికించిన కాగితంలో 'సాంకేతిక కారణాల వల్ల' అని మాత్రం ఉంది.

పైన ఎండకు మనిషి నిలవలేని కాలం వచ్చాక మా తాతలు కాపురాలు ఈ పాత బొగ్గు బాయిలోకి దించారు. చీకటి పడ్డాక పైకి పోయి మళ్ళు చూసుకుని, తెల్లారకముందే దిగుతాం. కింద బతకాలంటే పైనుంచి గాలి రావాలి. ఏ ఫ్యాను ఎంత తిరగాలి, ఏ లెవెల్ గాలి తలుపు ఎప్పుడు తెరుచుకోవాలి, అన్నీ ఈ సర్వరే చూస్తుంది. దాని లోపల ఉండి దాన్ని నడిపించే ప్రోగ్రాం నిలకడ అనే లినక్స్. ఒక కంపెనీ వాళ్ళది. పదేళ్ళు దాని మంచిచెడ్డలు మేమే చూస్తాం అని కంపెనీ వాళ్ళు మాటిచ్చారు. సగంలోనే చేతులెత్తేశారు. ఇకమీద దానిలో ఏ రోగం బయటపడినా మందు లేదన్నారు.

పోయిన దసరా నుంచి సమత కమిటీకి చెబుతూనే ఉంది, దీన్ని మార్చి ఇంకొకటి పెట్టుకుందామని. ఒకసారి ప్రెసిడెంటు ఇంట్లో పెళ్ళి. ఒకసారి సగంమంది రాలేదు. ఒకసారి అందరూ వచ్చారు, చాయ్ తాగి, వచ్చే మీటింగులో చూద్దామని లేచారు. ఈలోపు రోగం బయటపడింది. వేడి ఎక్కువైనప్పుడల్లా తలుపులు నడిపే ప్రోగ్రాం బిగుసుకుపోయేది. సమత కంపెనీకి రాసింది. మీ వెర్షన్ కాలం ముగిసినది అని జవాబు వచ్చింది. ఆ ఒక్క ముక్కే.

ఆ రోజు ఎనిమిదో లెవెల్ తలుపు మూసుకుని మళ్ళీ తెరుచుకోలేదు. దాని సంగతి చూద్దామని వెళ్ళిన సమత లోపలే ఉంది. చేత్తో తలుపు తెరిచే చక్రం లోపలివైపు, నేలకు మోకాలెత్తులో ఉంటుంది. కూర్చుని తిప్పాలి. చెడు గాలి బరువు, నేలను పట్టుకుని ఉంటుంది. అందరినీ అరుగుల మీదికి ఎక్కమని చెప్పి ఇది కూర్చుని తిప్పింది. మనిషి పట్టేంత సందు అయ్యేదాకా తిప్పింది. అందరూ బయటికొచ్చారు. దాన్ని చివర మోసుకొచ్చారు.

నాకున్నది ఒక్కతే. సాంకేతిక కారణమట.

రెండు

ఇవాళ చేసిన పని: యంత్రానికి ఏమీ చేయలేదు. మీటింగుకు పోయాను.

మా ఎనిమిదో లెవెల్ సంసారాలన్నీ ఇప్పుడు నాలుగో లెవెల్ దారిలో చాపలేసుకుని ఉంటున్నాయి. రోహిణి కార్తె వస్తే నాలుగో లెవెల్ గోడ మీద చెయ్యి ఆనించలేం. ఎండ అంతదాకా దిగుతుంది. ముసలివాళ్ళు, పసిపిల్లలు ఆ దారిలో తట్టుకోలేరు. రోహిణి రాకముందే వాళ్ళు మళ్ళీ కిందికి దిగాలి. దిగాలంటే కొత్త లినక్స్ పెట్టాలి. మనిషి పోతే తప్ప కమిటీకి తొందర రాలేదు.

ప్రెసిడెంటు గట్టయ్య ముందుగా లేచి నిలబడి, ఎనిమిదో లెవెల్‌కు సమత లెవెల్ అని పేరు పెడుతున్నామన్నాడు. చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. తర్వాత తెర మీద కంపెనీ మనిషిని చూపించారు. పేరు విహారి అట. వెనక నీలంరంగు గోడ, అతని మెడలో ఏదో బిళ్ళ. చల్లటి గదిలో కూర్చున్నాడని మొహం చూస్తేనే తెలుస్తోంది.

"అమ్మా, మీకు జరిగిన నష్టానికి మా సంస్థ తరఫున ప్రగాఢ సానుభూతి తెలియజేస్తున్నాం" అన్నాడు.

"నా బిడ్డ పేరేంది?" అని అడిగాను.

అతను కిందికి చూశాడు. అక్కడేదో కాగితం ఉన్నట్టుంది. చూసి చెప్పాడు. పేరు సరిగ్గానే చెప్పాడు.

అప్పుడు నేను ఏమేం తిట్టానో ఇక్కడ రాయను. ఈ రాతలు పిల్లలు కూడా చదువుతారు. గట్టయ్య రెండుసార్లు "చెల్లె, జర ఆగు" అన్నాడు. నేను ఆగలేదు. విహారి మాత్రం మొహం మార్చకుండా విన్నాడు. తిట్లు వినడం కూడా అతని ఉద్యోగంలో భాగమేమో. అంతా అయ్యాక, నిలకడ ప్రీమియం అనే కొత్తది ఉందని, మా బాయికి ఉచితంగా ఇస్తామని, అన్నీ అక్కణ్ణుంచే వాళ్ళే చూసుకుంటారని, ఇక్కడ యంత్రం దగ్గర మనిషి అక్కర్లేదని చెప్పాడు. ఒకటే షరతు. మా యంత్రం రోజూ తీగమీద వాళ్ళ ఆఫీసును అడిగి అనుమతి తీసుకోవాలి.

ఊపిరి పీల్చుకోవడానికి అనుమతి.

మిగతావి ఏమున్నాయో అఫ్రీన్ చెప్పింది. అఫ్రీన్ ఆరో లెవెల్ చాంద్‌బీ బిడ్డ. సమతతో కలిసి యంత్రం పని చేసేది. ఆ రోజు సెలవులో ఉంది. అది ఆమె తప్పు కాదని నాకు తెలుసు. అయినా ఆమెను చూస్తే నాకు మండుతుంది. ఉన్నమాట రాస్తున్నాను.

డిస్ట్రో డిస్ట్రో అంటున్నారు, అదేమిటని అడిగాను. అఫ్రీన్ నాకు తెలిసేలా చెప్పింది. "లినక్స్ అంటే జొన్నపిండి అనుకో పెద్దమ్మా. పిండి అందరిదీ. ఎవరడిగినా దొరుకుతది. దాంతోటి ఎవరి రొట్టె వాళ్ళు చేస్తరు. ఆ రొట్టెనే డిస్ట్రో అంటరు."

"పిండి అందరిదైతే ఆ కంపెనోని పెత్తనమేంది?"

"రొట్టె కాల్చి పెట్టినందుకు."

రొట్టెలు రెండున్నాయట. ఒకటి కంకి. నిలకడ కంపెనీ చేతులెత్తేసినప్పుడు మాలాగే నడిమధ్యలో మిగిలిన వేరే బాయిలవాళ్ళు, సముద్రం గట్లమీద నీటి తలుపులు కాసేవాళ్ళు కలిసి, అదే పిండితో అచ్చం నిలకడలాంటి రొట్టే కాల్చుకున్నారు. రెండోది జోరు. ఎప్పటికప్పుడు కొత్తగా ఉంటుందట. మూడో లెవెల్లో ఫోన్లు బాగుచేసే రాజేశం జోరు కావాలంటాడు. అఫ్రీన్ కంకి అంటుంది. సమత కూడా కంకే అనేదట. ఆ ముక్క నాకు ఎవరూ ఇంతకుముందు చెప్పలేదు.

గట్టయ్య కంకికి ఒప్పుకోలేదు. అతను చెడ్డవాడని రాయను. నా పెళ్ళిలో పందిరి వేసింది అతనే. కానీ భయస్తుడు. అతని మాట ఇది: కంకి వెనక ఎవరున్నారు? ఎక్కడెక్కడో ఉన్న పదిమంది, తీరిక ఉన్నప్పుడు చేస్తారు. రేపు ఏదన్నా అయితే ఎవరిని పట్టుకోవాలి? కంపెనీకైతే ఒక మనిషి ఉంటాడు. పిలిస్తే తెరమీదికి వస్తాడు. తిట్టడానికన్నా ఒకడు ఉంటాడు.

"ఇప్పుడే తిట్టిన గదనే గట్టన్నా. ఏమొచ్చింది?" అన్నాను.

తీర్మానం వచ్చే మీటింగుకు పెట్టారు. మళ్ళీ.

మూడు

ఇవాళ చేసిన పని: జాలీ దులిపాను. పాత యంత్రం ఒకటి మూలన ఉంటే దాన్ని తుడిచి, రెండో లెవెల్ సామాన్ల గదిలో ఉన్న ఫ్యానుకు కలిపారు. కొత్తవి దాని మీద పెట్టి చూస్తున్నారు.

మొదట రాజేశం జోరు పెట్టాడు. పెట్టిన మొదటి పూట దాని ముందు జనం జాతరలా మూగారు. తెర మీద రంగులు, ఫ్యాను ఎంత తిరుగుతోందో గీతలు. మా సదమ్మ అయితే దీన్ని మా ఇంట్లో పెడతారా అని అడిగింది. సదమ్మ ఎనిమిదో లెవెల్లో మా పక్కింటామె. రాజేశం కొత్త అల్లుడిలా నిలబడ్డాడు.

పొద్దున దానికి కొత్త మార్పులు వచ్చాయి. ఫ్యాను తిరిగింది. సాయంత్రం మళ్ళీ వచ్చాయి. తిరిగింది. మర్నాడు పొద్దున మళ్ళీ వచ్చాయి. ఈసారి ఫ్యానును యంత్రానికి కలిపే కార్డును చూసి, ఎవరో తెలియనట్టు జోరు మొహం తిప్పుకుంది. ఫ్యాను ఆగింది. మా కార్డు పాతదట. దాని సంగతి మార్పులు చేసినవాళ్ళకు గుర్తులేదట.

"ఒక్క పూట ఆగు వదినె. వాళ్ళే సరిచేస్తరు. మస్తు తొందరగా చేస్తరు వాళ్ళు" అన్నాడు రాజేశం.

"ఆ పూట నువ్వు దేన్ని పీలుస్తవ్?"

రాజేశం నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, తనే కూర్చుని జోరును తీసేశాడు. ఫోన్లకైతే ఇదే మంచిదని మాత్రం అన్నాడు. అయి ఉండవచ్చు. ఫోను ఆగిపోతే ఎవరూ చావరు. ఆ మనిషి మీద నాకు కోపం లేదు. తన చేత్తో పెట్టాడు, తన చేత్తో తీశాడు. ఎవరూ మీటింగు పెట్టమనలేదు.

తర్వాత అఫ్రీన్ కంకి పెట్టింది. చూడ్డానికి ఏమీ లేదు. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు. ఎవరూ మూగలేదు. ఫ్యాను తిరిగింది. పొద్దున వెళ్ళాను, తిరుగుతోంది. మధ్యాహ్నం వెళ్ళాను, తిరుగుతోంది. దాన్ని చూస్తుంటే నాకు మెచ్చుకోబుద్ధి కాలేదు. ఇది పోయిన దసరాకు పెట్టినా తిరిగేదే కదా అనిపించింది.

నాలుగు

ఇవాళ చేసిన పని: గాలి గదికి తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకున్నాను.

కమిటీ ప్రీమియానికే ఓటేసింది. ఫ్యాను తిరగడం చూసి కూడా వేసింది. కంపెనీ వాళ్ళు అక్కణ్ణుంచే చూసుకుంటారు గనుక అఫ్రీన్‌ను కూడా ఆ గదిలో ఉంచరట. తాళంచెవి ఇవ్వమని ఇద్దరు వచ్చారు. ఇవ్వనన్నాను. తెల్లారి అఫ్రీన్ వచ్చింది. కమిటీని ఎదిరించి కంకి పెట్టేస్తాను, తలుపు తియ్యి అంది. ఆమెకూ ఇవ్వనన్నాను.

ఎందుకని అడిగింది. ఆ యంత్రంలో ప్రతిదీ నా బిడ్డ చేత్తో సర్దినదని చెప్పాను. అన్నం వండే వేళ పొయ్యిల పక్కన గాలి పెంచడం, పసిపిల్లలున్న ఇళ్ళవైపు తగ్గించడం, అన్నీ అది చూసి చూసి పెట్టినవి. ఫ్యాన్లకు పేర్లు కూడా పెట్టింది. ఎనిమిదో లెవెల్ ఫ్యాను ఎప్పుడూ గొణుగుతూనే ఉంటుందని దానికి మా ఆడబిడ్డ పేరు మీద చిన్నత్త అని పెట్టింది. మా ఆడబిడ్డకు తెలియదు, ఇప్పుడు తెలుస్తుంది. అవన్నీ చెరిపేసి ఇంకొకరిది పెడతామంటే నేనెట్లా ఒప్పుకుంటాను?

అవన్నీ తీసి దాచి, కంకిలో మళ్ళీ పెట్టవచ్చు, ఒక్కటీ పోదు అంది అఫ్రీన్.

"అయినా సరే. దాని చెయ్యి పడ్డదాన్ని తుడవనియ్య" అన్నాను.

"అయితే ఎప్పుడు తుడుద్దాం?"

కొంగు ముడి ఇంకా బిగించాను.

"వచ్చే నెల్లనా? రోహిణి పోయినంకనా? నువ్వు గూడ కమిటీ లెక్కనే మాట్లాడుతున్నవ్ పెద్దమ్మా."

చెయ్యి ఎత్తాను. కొట్టేదాన్నే. ఆమె కదలకుండా నిలబడింది. ఏడవలేదు, తల వంచలేదు. చెయ్యి దించాను. పో ఇక్కణ్ణుంచి అన్నాను. పోయింది.

నాలుగో లెవెల్ దారిలో నా చాప దగ్గరికి వచ్చాను. సదమ్మ కోడలు పసిగుడ్డును తడిగుడ్డలో చుట్టి ఊపుతోంది. గోడకు దూరంగా జరిగి కూర్చుంది. రోహిణి ఇంకా రానేలేదు.

అఫ్రీన్ అన్నది నిజం. నిజం కాబట్టే చెయ్యి లేచింది.

అయిదు

ఇవాళ చేసిన పని: తాళం తీశాను. గట్టయ్యను ఎనిమిదో లెవెల్లో కూర్చోబెట్టాను.

బొగ్గు తవ్వే రోజుల నుంచి మా బాయిలో ఒక పద్ధతి ఉంది. కప్పు కూలకుండా కర్ర నిలబెట్టిన మేస్త్రి ముందుగా తనే దాని కింద కూర్చుని సద్ది తినాలి. అతను తిని చెయ్యి కడుక్కుని లేచాకే మిగతావాళ్ళు ఆ కర్ర కింద నడిచేది. ఇప్పటికీ ఎక్కడన్నా కొత్త కర్ర వేస్తే అట్లాగే చేస్తారు. నిలబడి తింటే ఒప్పుకోరు. నేలమీద కూర్చోవాలి, తొందరపడకుండా తినాలి.

గట్టయ్య నలభై ఏళ్ళు కర్రల మేస్త్రిగా చేశాడు. ఎన్ని కర్రల కింద సద్ది తిన్నాడో లెక్కలేదు.

కమిటీ మళ్ళీ తాళంచెవి అడగడానికి వస్తే, గట్టయ్యను ఉద్దేశించి అందరి ముందే చెప్పాను. కర్రకు ఉన్న రూలు గాలికి ఎందుకు లేదు? ఏ లినక్స్ పెట్టమంటున్నావో అది పెట్టిస్తాను. అది నడుస్తుండగా నువ్వు ఎనిమిదో లెవెల్లో, తలుపు చక్రం పక్కన, నేలమీద కూర్చుని సద్ది తిను. తిని లేచి వస్తే తాళంచెవి నీ చేతిలో పెడతాను.

తెరమీద విహారి కూడా ఉన్నాడు. అతనికి ఈ పద్ధతి ఎవరో వివరించారు.

"నువ్వు గూడ వస్తవా బిడ్డా? రొట్టె నేనే చేస్త" అన్నాను.

క్షేత్ర సందర్శన తమ సంస్థ విధానంలో లేదన్నాడు. సదమ్మ ఫక్కున నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

గట్టయ్య మాత్రం తప్పించుకోలేదు. అది ఒప్పుకోవాలి. ఇంటికి మనిషిని పంపి సద్ది తెప్పించుకున్నాడు. పాత పద్ధతిలో దీపం కూడా పట్టుకున్నాడు. గాలి చెడితే దీపం ముందుగా చెబుతుంది. అఫ్రీన్, సమత సర్దినవన్నీ తీసి దాచి, మూలన ఉన్న పాత యంత్రంలో ప్రీమియం పెట్టి, ఎనిమిదో లెవెల్ తలుపునూ ఫ్యానునూ దానికి కలిపింది. తలుపు సందులో ఒక కర్ర అడ్డం పెట్టాకే అతన్ని లోపలికి పోనిచ్చింది. ఆ కర్ర ఆనాడే అక్కడ పెట్టాలని ఎవరికీ తోచలేదు.

తర్వాత బయటికి పోయే తీగ పీకేసింది. విహారి తెర నల్లబడింది. ఎండ దెబ్బకు పైన ఆ తీగ తెగడం మాకు మామూలే. రోహిణిలో అయితే ఉన్న రోజులకంటే లేని రోజులే ఎక్కువ.

మొదట ఏమీ కాలేదు. ఫ్యాను తిరిగింది. కమిటీలో ఒకాయన, చూశారా అన్నట్టు నావైపు చూశాడు. అనుమతి అడిగే వేళ అయ్యింది. అడిగింది. జవాబు లేదు. మళ్ళీ అడిగింది. అప్పుడు తెర మీద ఒక ముక్క వచ్చింది: అనుమతి నిర్ధారణ కాలేదు, మార్పులు నిలిపివేయబడ్డాయి.

వేడి పెరిగితే ఫ్యాను వేగం పెరగాలి. పెరగలేదు. తలుపు ఇంకాస్త తెరుచుకోవాలి. తెరుచుకోలేదు. అఫ్రీన్ తనే అక్షరాలు నొక్కి గాలి పెంచమని చెప్పి చూసింది. ఒప్పుకోలేదు. కిందినుంచి ఫోను మోగింది. గట్టయ్య గొంతు.

"దీపం గుంజుకుంటున్నదిరా. గాలి పెంచుండ్రి."

"అది ఇనుత లేదు తాతా. బయటికి రా" అంది అఫ్రీన్.

"సద్ది తినలే ఇంకా."

"తినకు. రా."

నేను పక్కనే ఉన్నాను. ఆ క్షణం నాకేమనిపించిందో రాస్తాను, ఎవరేమనుకున్నా సరే. కూర్చోనీ కాసేపు అనిపించింది. నా బిడ్డ ఎంతసేపు కూర్చుందో అంతసేపు కూర్చోనీ అనిపించింది. తర్వాత నేనే ఫోను లాక్కుని, గట్టన్నా, లేచి రా, అని అరిచాను.

కర్ర సందులోంచి బయటికొచ్చాడు. చొక్కా అంతా తడిసి ఒంటికి అంటుకుంది. సద్ది మూట విప్పలేదు. నా ఎదురుగా నేలమీద కూలబడ్డాడు.

"కంకి పెట్టుండ్రి" అన్నాడు చివరికి.

అంతే అన్నాడు. ఇంకేమన్నా అంటాడేమోనని చూశాను. కళ్ళల్లో నీళ్ళున్నాయి. నాకు జాలి కలగలేదు. ఆయన లేచి వచ్చాడు కదా.

ఆరు

ఇవాళ చేసిన పని: నిలకడ తీసేశాం. కంకి పెట్టాం. వివరం కింద రాస్తున్నాను.

పొద్దున చాయ్ తాగి పని మొదలుపెట్టాం. అఫ్రీన్, నేను, రాజేశం. మిగతా లెవెల్లవాళ్ళకు అంతసేపూ గాలి ఆగకుండా తలుపులన్నీ చేత్తో తెరిచి పెట్టారు. గట్టయ్య ఒక్కో తలుపు దగ్గర ఇద్దరేసి మనుషులను నిలబెట్టాడు. మనుషులను నిలబెట్టడం అతనికి తెలుసు.

సమత సర్దినవన్నీ తీసి దాచామని అఫ్రీన్ నాకు ఒక్కొక్కటే తెరమీద చూపించింది. చిన్నత్త అన్న పేరు కూడా ఉంది. తర్వాత పాతదంతా చెరపడానికి యంత్రం అడిగింది, ఖాయమేనా అని. తాళంచెవి ఉన్న మనిషే జవాబు చెప్పాలని రూలు. అఫ్రీన్ కుర్చీ నావైపు జరిపింది. ఏ అక్షరాలు నొక్కాలో చెప్పింది. అవును అని నొక్కాలి.

నొక్కాను. బల్ల అదిరింది. దుఃఖంతో అనుకున్నారు వాళ్ళు. దుఃఖం కాదు. ఇదే అక్షరాలు నొక్కుదామని నా బిడ్డ ఒక్కొక్క మీటింగులో లేచి నిలబడి అడిగింది. వీళ్ళు చాయ్ తాగారు.

కంకి ఎక్కింది. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు. ఫ్యాన్లన్నీ ఒక్కొక్కటే పేరు చెప్పుకుంటూ లేచాయి. అఫ్రీన్ దాచినవన్నీ మళ్ళీ పెట్టింది. ఒకచోట ఆగిపోయింది, ఏదో అక్షరం తప్పుపడిందట. రాజేశం భుజం మీంచి చూసి చెప్పాడు. సరిచేసుకున్నారు.

ఇక కింద ఎవరు కూర్చోవాలన్న మాట వచ్చింది. కంకి కావాలన్నది నేను, నేనే కూర్చుంటానంది అఫ్రీన్. నువ్వు కిందుంటే యంత్రం దగ్గర ఎవరుంటారని అడిగాను. గట్టయ్య తను పోతానన్నాడు. నీ వంతు అయిపోయింది అన్నాను. అవును అని నొక్కింది నేను. సద్ది నాది.

రెండు జొన్నరొట్టెలు, ఉల్లిగడ్డ కారం మూటగట్టుకుని దిగాను. సమత పోయాక ఎనిమిదో లెవెల్‌కు దిగడం ఇదే మొదలు. మా ఇంటి తలుపు ముందు దాని చెప్పులు అట్లాగే ఉన్నాయి. ఆగలేదు. తలుపు చక్రం దగ్గరికి పోయి నేలమీద కూర్చున్నాను. నా బిడ్డ ఎక్కడ కూర్చుందో సరిగ్గా అక్కడ. పైనుంచి అఫ్రీన్ ఫోను చేసింది, తీగ పీకేస్తున్నానని. పీకెయ్ అన్నాను. తలుపు మొత్తం ముయ్యి, ఆ కర్ర కూడా తీసెయ్ అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. కర్ర ఉంటేనే, లేకపోతే పైకి వచ్చెయ్ అంది. సమత కూడా ఇట్లాగే మొండిగా మాట్లాడేది. సరే అన్నాను.

రొట్టె తుంచాను. గాలి లేదు. చిన్నత్తను ఆపి పెట్టారు, వేడి పెరిగితే కంకే దాన్ని లేపాలి. నేల దగ్గర వాసన వేరుగా ఉంటుంది, తడి బొగ్గు వాసన. ఒక ముద్ద నమిలాను. దీపం నిలబడే ఉంది కానీ చిన్నగా ఉంది. బయటి తీగ లేదు, కంపెనీ లేదు, అడగడానికి ఎవరూ లేరు. నీళ్ళు తాగాను.

అప్పుడు చిన్నత్త గొణగడం మొదలుపెట్టింది. తలుపు తనంతట తను కదిలింది. అడ్డం పెట్టిన కర్ర పక్కకు పడిపోయింది. గాలి నేలనంటుకునే వచ్చింది. ముందుగా నా కాళ్ళకు తగిలింది, తర్వాత కొంగు ఎగిరింది. దీపం పెద్దదైంది.

నేను తొందరపడలేదు. రెండు రొట్టెలూ కూర్చునే తిన్నాను. చెయ్యి కడుక్కున్నాను. లేచాను.

బయట అందరూ నిలబడి ఉన్నారు. ఎనిమిదో లెవెల్ వాళ్ళు చాపలు చుట్టుకుని, గిన్నెలు మూటలు కట్టుకుని అప్పటికే వచ్చేశారు. ఇంకా మధ్యాహ్నం అన్నాల వేళ కూడా కాలేదు. పొద్దున చాయ్‌కి మొదలుపెట్టిన పని అన్నాలకు అయిపోయింది. ఒక్క పూట. నా బిడ్డ అడిగింది ఆ ఒక్క పూట.

ఆ మాటే గట్టయ్యతో అన్నాను. గట్టిగా అనలేదు. "ఇంతసేపే పట్టింది గట్టన్నా" అన్నాను. ఆయన తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. సమత లెవెల్ అని రాసిన బోర్డు తయారైందని ఎవరో వెనకనుంచి మెల్లగా గుర్తుచేశారు. ఆ బోర్డు కట్టెకు పనికొస్తుంది, పొయ్యిలో పెట్టుకోండి, ఈ లెవెల్ పేరు ఎనిమిది అని చెప్పాను. తాళంచెవి కొంగు ముడి విప్పి అఫ్రీన్ చేతిలో పెట్టాను. కమిటీ వైపు చూసి పెట్టాను. ఎవరూ కాదనలేదు. ఇకమీద ఇందులో ఆమె రాస్తుంది. ఆమె రాసింది చదవండి.

సదమ్మ పసిగుడ్డును ఎత్తుకుని తలుపు దాకా వచ్చి ఆగింది. లోపలికి అడుగు పెట్టడానికి భయపడుతోంది. ఆ రోజు అరుగు మీద నిలబడి నా బిడ్డ చక్రం తిప్పుతుంటే చూసినవాళ్ళలో ఆమె కూడా ఉంది.

"గాలి ఎట్లున్నది వదినె?" అని అడిగింది.

"మంచిగున్నది" అన్నాను. "గదే మండుతున్నది నాకు. పసిదాన్ని తీసుకొని లోపలికి నడువు."